ఇంటి పట్టున ఉద్యోగం – ఒక బల్ల సంగతి

సంచికకు ఏదైనా రాసి పంపమని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు, నేను కొబ్బరి చెట్ల మీదో గోదావరి మీదో రాస్తాననుకుని ఉంటారు. ఆ రెండింటి మీదా మన పాత సంచికల్లో కావలసినంత ఉంది. నేను బల్ల గురించి రాస్తున్నాను. ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసేవాడికి ఉండవలసిన బల్ల. నవ్వకండి. మీలో చాలామంది రేపు ఈ బల్ల దగ్గరకే వస్తారు. వచ్చేనాటికి నడుం, మెడ సవ్యంగా ఉండాలంటే నాలుగు విషయాలు ముందే తెలియడం మంచిది. నాకు తెలిసేసరికి నాలుగేళ్ళు పట్టింది.

ఆఫీసుకు మనిషి వెళ్ళడం మాని, ఆఫీసే మనిషి దగ్గరికి వస్తే ఎలా ఉంటుందన్న ఊహ మరీ కొత్తది కాదు. అమెరికాలో జాక్ నిలెస్ అనే ఇంజనీరు 1973లోనే దీనికి ఒక పేరు పెట్టి, కార్ల రద్దీకి ఇదే విరుగుడన్నాడు. 1980లో ఆల్విన్ టాఫ్లర్ తన 'థర్డ్ వేవ్' పుస్తకంలో ఇల్లే ఎలక్ట్రానిక్ కుటీరంగా మారుతుందని రాశాడు. ఆ మాటలు చదివి మనవాళ్ళు ఎంతమంది నమ్మారో గాని, 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పెట్టేసరికి నమ్మక తప్పింది కాదు. పండక్కి తప్ప ఊరి మొహం చూడని పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో గదులు ఖాళీ చేసి ఇళ్ళకొచ్చారు. రాజోలు, కొత్తపేట, అమలాపురం చుట్టుపక్కల ఏ వీధి అరుగు మీద చూసినా ఒక ల్యాప్‌టాప్ కనిపించేది. పడక్కుర్చీలో ఒకడు, మడతమంచం మీద ఒకడు, బియ్యం డబ్బా మీద ల్యాప్‌టాప్ పెట్టి దాని ముందు పీట వేసుకుని మరొకడు. ఆ మూడో రకం వాణ్ణి నేను.

ఆ మాటకొస్తే, ఇంట్లో కూర్చుని బయటి ప్రపంచానికి పనిచేయడం కోనసీమకు అమెరికా వాడు నేర్పాలా? అమలాపురం పక్కనే ఉన్న బండారులంకకు వెళ్ళి ఒక గుంట మగ్గం చూడండి. నేతగాడు నేల మీదే కూర్చుంటాడు, కాళ్ళు గుంటలోకి వేలాడతాయి, పాదాలు తొక్కుడు చెక్కలకు అందుతాయి. వస్త్రం సరిగ్గా చేతులు ఆడే ఎత్తులో ఉంటుంది. వెలుతురు పడే చోటు చూసి మగ్గం వేస్తారు. ఇవాళ పెద్ద పెద్ద కంపెనీలు కుర్చీల పేరిట అమ్మే శాస్త్రమంతా ఆ గుంటలో ఉంది. ఇంకో సంగతి కూడా ఉంది. మగ్గం ఉన్న ఇంట్లో మగ్గం ఆడుతుంటే, అది పని అని ఇంటిల్లిపాదికీ తెలుసు. చప్పుడే చెబుతుంది.

చప్పుడు లేని పని సంగతి వేరు. సఖినేటిపల్లి రేవు దాటితే నరసాపురం. ఆ రేవుకు ఇటూ అటూ ఉన్న పల్లెల్లో ఆడవాళ్ళు తరతరాలుగా లేసు అల్లుతున్నారు. వాళ్ళ అల్లికలు సముద్రాలు దాటి వెళ్ళాయి. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఇక్కడికి వచ్చి, ఆ స్త్రీలతో మాట్లాడి, 1982లో 'నరసాపురం లేసు పనివాళ్ళు' అని ఇంగ్లీషులో ఒక పుస్తకం వేసింది. ఆమె చెప్పిందేమిటంటే, ఈ స్త్రీలు గంటల తరబడి ప్రపంచ మార్కెట్టు కోసం పనిచేస్తున్నా, ఇంట్లో కూర్చుని చేస్తున్నారు గనుక వారిని గృహిణులనే అన్నారు, వారి పనిని తీరిక వేళల పని అనే అన్నారు, కూలి కూడా ఆ లెక్కనే ఇచ్చారు. మా మేనత్త లేసు అల్లుతుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఆమె అల్లుతుండగా "అత్తయ్యా, మంచినీళ్ళు" అని నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. ఆమె పని ఆపి లేవడం ఒక్కసారి కూడా నాకు వింతగా తోచలేదు.

నా పని ఇంటికొచ్చాకే అది తోచింది. హైదరాబాదు కంపెనీ ఒకదానికి సాఫ్టువేరు పరీక్షించి పెట్టడం నా ఉద్యోగం. అందులో చప్పుడేమీ ఉండదు. చూసేవాళ్ళకు కుర్రాడు పెట్టె ముందు కూర్చుని దాన్నే చూస్తుంటాడు.

"ఒరేయ్ నానా, ఇంట్లోనే ఉన్నావుగా, ఆ గ్యాసు బండ అబ్బాయికి డబ్బులిచ్చెయ్."

"ఇంట్లోనే ఉన్నావుగా, దింపు వాళ్ళొచ్చారు, కాయలు లెక్కపెట్టు."

మా అమ్మ తప్పేం లేదు. నేను నిజంగా ఇంట్లోనే ఉన్నాను.

అందుకని బల్ల చేయించాలని నిర్ణయించాను. మా పాత పెంకుటిల్లు విప్పినప్పటి టేకు తలుపు రెక్కలు రెండు పశువుల శాలలో ఉన్నాయి. పాత టేకుకు సాటి వచ్చేది లేదు. ఎండాల్సినంతా ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది గనుక వంగదు. మన చెమ్మగాలికి చవక రకం ప్లైవుడ్ అంచుల దగ్గర ఉబ్బి పొరలు లేస్తుంది. మామిడి చెక్క చవకే గాని పురుగు పడుతుంది. 1996 నవంబరు 6 తుఫానులో మన దగ్గర కొబ్బరిచెట్లు తోటలకు తోటలే పడిపోయాయి కదా, ఆ కొబ్బరి చెక్కతో బల్ల చేయిస్తే ఏమని కొందరు అడుగుతారు. కొబ్బరి మానులో బయటి వైపు మాత్రమే గట్టిది, నడిమి భాగం మెత్తన. ముసలి మాను బయటి చెక్క దూలాలకు బాగుంటుంది. వెడల్పు పలక తీయడం కష్టం.

వడ్రంగి మేస్త్రి సోమవారం పొద్దున్నే వచ్చాడు. అసలు తగాదా ఎత్తు దగ్గర వచ్చింది.

"బల్లంటే 30 అంగుళాలండి బాబూ. మా నాన్న నాటి నుంచీ అదే కొలత."

"నాకు 26 చాలు మేస్త్రీ."

"26 అంటే పిల్లకాయల బల్లైపోద్దండి. రేపు ఎవరైనా చూసి నన్నంటారు."

మేస్త్రి మాట కొట్టిపారేయదగింది కాదు. 30 అంగుళాలు కలంతో రాసేవాళ్ళకు అలవాటైన ఎత్తే. కాని టైపు చేసేటప్పుడు చేతులు మోచేతి ఎత్తులో, భుజాలు వదులుగా ఉండాలి. నాది అయిదడుగుల అయిదంగుళాల ఎత్తు. కుర్చీలో కూర్చుని పాదాలు నేలకు ఆనిస్తే, నేల నుంచి కూర్చునే చెక్క దాకా పదహారున్నర అంగుళాలు. అక్కడి నుంచి వంచిన మోచేతి దాకా 9. మొత్తం ఇరవైఅయిదున్నర. బల్ల 30 ఉంటే రోజంతా భుజాలు ఎగదీసుకుని కూర్చోవాలి. సాయంత్రానికి మెడ వెనక మొదలయ్యే ఆ నొప్పి అక్కడిదే. మన కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో బల్లలు ఎత్తుగా ఎందుకుంటాయో గుర్తు తెచ్చుకోండి. అక్కడ నిలబడి పనిచేస్తాం గనుక. ముందు మనిషిని కొలవాలి, తరువాత చెక్కను. ఇప్పటికే ఎత్తు బల్ల ఉన్నవాళ్ళు దాన్ని కోయించక్కర్లేదు. కుర్చీ ఎత్తు పెంచి, కాళ్ళ కింద పీట వేసుకుంటే అదే లెక్క. పీట లేని ఇల్లు మన వైపు ఉండదు.

చివరికి 26కే ఒప్పించాను. మేస్త్రి ఒప్పుకున్నాడు గాని, నాలుగు రోజులూ వచ్చినవాళ్ళందరికీ "కొలత బాబుగారిదేనండి" అని ముందే చెప్పేవాడు.

నాలుగు రోజులెందుకంటే, సోమవారం రెక్క కోస్తుండగా అమ్మకు బీపీ మాత్రలు అయిపోయాయని తెలిసింది. మంగళవారం కాళ్ళు బిగించే వేళకు దింపు. బుధవారం మేకులు తేవడానికి అమలాపురం వెళ్ళి, ఎర్ర వంతెన దగ్గర బంధువొకాయన కనబడితే వాళ్ళింట్లో భోజనం చేసి, మేకులు మరిచిపోయి వచ్చాను. గురువారం మీద పడింది.

బల్ల వచ్చాక ల్యాప్‌టాప్ దాని మీద పెట్టేస్తే సరిపోతుందనుకున్నాను. సరిపోదు. ఆ యంత్రంలో పుట్టుకతోనే ఒక లోపం ఉంది. మీటలు, తెర ఒకే మడతబందుకు కట్టి ఉన్నాయి. చేతులకు సరిపడా పెడితే మెడ వంచాలి, కళ్ళకు సరిపడా లేపితే చేతులెత్తాలి. మనిషి తల సుమారు 5 కిలోలుంటుంది. నిటారుగా ఉన్నప్పుడు ఆ బరువు వెన్ను మీద నిలుస్తుంది, ముందుకు వంచేకొద్దీ మెడ కండరాల మీద భారం ఎన్నో రెట్లవుతుంది. కావిడి బద్ద భుజం మీద సరిగ్గా నడిమికి ఉన్నప్పుడూ, ఒక పక్కకు జారినప్పుడూ తేడా తెలిసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. విరుగుడు తేలిక. ల్యాప్‌టాప్‌ను అయిదారంగుళాలు పైకి లేపి, తెర పై అంచు కంటికి సమంగా వచ్చేలా పెట్టి, విడి కీబోర్డు కొనుక్కోవడమే. నేను లేపింది నా పాత డిగ్రీ పుస్తకాల మీద. అవి ఇన్నాళ్ళకు నన్ను పైకి తెచ్చాయి.

కిటికీ ఎదురుగా కూర్చుంటే కళ్ళు జిగేల్‌మంటాయి, వెనక ఉంటే వెలుతురు తెర మీద పడుతుంది. పక్కన ఉండాలి, కుడిచేత్తో రాసేవాళ్ళకు ఎడమ పక్కన. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరాన ఉన్న దేన్నైనా ఇరవై సెకన్లు చూడమంటారు కంటివైద్యులు. నా కిటికీలోంచి కొబ్బరిచెట్టు కనబడుతుంది. చూడనని అనడానికి వీల్లేదు.

ఇక కరెంటు. ల్యాప్‌టాప్‌కు సుమారు 60 వాట్లు, ఫ్యానుకు 75, దీపానికి 10, ఇంటర్నెట్ పెట్టెకు మరో 10 వేసుకోండి. మొత్తం 155. ఇళ్ళల్లో వాడే 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ 12 వోల్టులది. గుణిస్తే 1800 వాట్ అవర్లు వస్తుంది. అందులో నష్టాలు పోను, బ్యాటరీని పూర్తిగా పిండకుండా చేతికొచ్చేది సుమారు 1000 అనుకుంటే ఆరు గంటల పైచిలుకు పని నడుస్తుంది. ఫ్రిజ్ కూడా దానికే తగిలిస్తే ఈ లెక్క ఎగిరిపోతుంది. పాత ఇళ్ళలో ప్లగ్గులకు ఎర్తు ఉందో లేదో చూసుకోండి. ల్యాప్‌టాప్ రేకు మీద చెయ్యి పెట్టినప్పుడు సన్నగా జివ్వుమంటే లేదనే అనుమానించాలి. లంక గ్రామాల వాళ్ళకు మరో మాట. 2022 జులై వరదకు ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వెళ్ళింది. అలాంటి నీళ్ళు ఇంట్లోకి వచ్చేటప్పుడు మొదట తడిసేది నేల మీద పెట్టిన బ్యాటరీ. దాన్ని గాలి ఆడే చోట నడుమెత్తు దిమ్మ మీద పెట్టించండి. ప్లగ్గు బోర్డులూ అంతే. బల్లను గోడకు మూడు, నాలుగు అంగుళాలు ఎడంగా వేస్తే చెదలు గోడ దిగి చెక్కెక్కే దారి కనబడుతుంది.

ఇంటర్నెట్ విషయం మన చేతుల్లో ఉన్నది తక్కువే. అద్దపు దారంలో వెలుగు నడుస్తుంది గనుక దారికి కరెంటు అక్కర్లేదు గాని, అటు కేబుల్ వాళ్ళ గదిలో కరెంటు పోయి బ్యాటరీ అయిపోతే మన ఇన్వర్టరు ఎంత బలమైనదైనా ఒకటే. వేరే కంపెనీ సిమ్ముతో ఒక ఫోను అట్టే పెట్టుకోవాలి. అదీ పనికిరాని రోజులు చూశాం. జిల్లా పేరు విషయమై 2022 మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్ల తరువాత కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. సుమారు రెండు వారాలు. ఇళ్ళ నుంచి పనిచేసే కుర్రాళ్ళు ల్యాప్‌టాప్‌లు సంచుల్లో వేసుకుని ఎదుర్లంక వారధి దగ్గరికి పోయి, యానాం వైపు నుంచి వచ్చే సిగ్నల్ పట్టుకుని గోదావరి గట్టున చెట్ల కింద కూర్చున్నారు. పనులు ఎండలో, ఎర్రని ఇసుక గాలిలో నడిచాయి. సొంత ఊళ్ళో ఉంటూ ప్రపంచానికి పనిచేయవచ్చన్న ధీమా ఎంత సన్నటి దారం మీద ఉందో ఆ రెండు వారాల్లో మాకందరికీ తెలిసింది. కొందరు తిరిగి హైదరాబాదు బస్సెక్కారు. నేను ఎక్కలేదు గాని, బట్టలు సర్దుకున్న మాట నిజం.

చివరగా, ఇంటి పనుల సంగతి. వాటిని తప్పించుకోవడం కాదు, ఒకచోటికి చేర్చడమే మార్గమని నాకు తేలింది. బ్యాంకు, మందులు, కరెంటు బిల్లు ఒకే ప్రయాణంలో పెట్టుకున్నాను. దింపు రోజున సగం సెలవు ముందే రాస్తున్నాను. అది అకస్మాత్తుగా వచ్చేది కాదు కదా, నెలన్నరకో రెండు నెలలకో వచ్చేదే. గదికి తలుపు లేదు, ఉన్న తలుపు బల్ల అయింది. అందుకని మీటింగులో ఉన్నప్పుడు గుమ్మం కర్టెను మీద ఎర్ర తువ్వాలు వేస్తాను. మొదటి వారం అమ్మ ఆ తువ్వాలు తీసి ఉతికేసింది. రెండో వారం నుంచి, ఎవరైనా పిలవబోతే "తువ్వాలుంది, ఆగండి" అని తానే చెబుతోంది.

మొన్న మా అత్తయ్య వచ్చింది. బల్ల చుట్టూ తిరిగి చూసి, కుర్చీలో కూర్చుని, దీపం వేసి ఆర్పి, కిటికీ ఏ పక్కన ఉందో చూసింది.

"ఈ దీపం ఎంతరా అబ్బాయ్? నాకు రాత్రిళ్ళు దారం కనబట్టం లేదు" అంది.

దీపం ఒక్కటీ చాలదన్నాను. నేల మీద గోడకు జారగిలబడి అల్లుతుంది గనుక ఆమెకు కావలసింది బల్ల కాదు, వీపుకు ఆనుకునే పలక, కింద రెండంగుళాల పీట, ఎడమ భుజం వైపు నుంచి పడే వెలుతురు. తలుపు రెండో రెక్క శాలలో అలాగే ఉంది. మేస్త్రికి కబురు పెట్టాను. ఆదివారం వస్తానన్నాడు, కొలత మాత్రం ఆమెనే అడుగుతానన్నాడు.