రాట్నం కదురు, లేతు పనితనం

నూలు రాట్నంలో ఆకారమంతా చక్రానిదైతే, పనంతా కదురుది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖద్దరుకు నేటికీ 24 ఆకుల పెద్ద చక్రం, ఒకే కదురు ఉన్న రాట్నం వాడుతున్నారు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తారు. వడికేటప్పుడు చెయ్యి ఏకును వెనక్కి సాగదీస్తుంటే కదురు పురి పెడుతుంది. అలా నూరు కౌంటు నూలు వస్తుంది. అంటే ఒక పౌను నూలులో 84,000 గజాల పొడవు.

వేగం పెంచాలన్న ప్రయత్నం పాతదే. 1929లో అఖిల భారత చరఖా సంఘం మెరుగైన రాట్నానికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. ఎనిమిది గంటల్లో 12–20 కౌంట్ల నూలు 16,000 గజాలు రావాలి, ధర 150 రూపాయలు దాటకూడదు, ఇరవై ఏళ్లు మన్నాలి. ఆ బహుమతి ఎవరికీ దక్కలేదు. తర్వాత తమిళనాడుకు చెందిన ఏకాంబరనాథన్ మిల్లుల్లోని రోలర్ల పద్ధతిని రాట్నానికి తెచ్చాడు. ఆయన పేరు మీదే అది అంబర్ చరఖా అయింది. ముందు జత రోలర్లు వెనక జతకన్నా ఎనిమిది రెట్లు వేగంగా తిరిగితే, ఏకు ఎనిమిది రెట్లు సాగుతుంది.

ఇలాంటి రోలరుకు నమూనా కావాలంటే అచ్చు పోయనక్కర్లేదు. ఉక్కు కడ్డీని లేతు చక్‌లో బిగించి కొలతకు చెక్కుతారు. తర్వాత మిల్లింగు మిషను మీద గాడులు కోస్తారు. మామూలు ఇండెక్సింగు హెడ్డులో పిడిని 40 చుట్లు తిప్పితే రోలరు ఒక చుట్టు తిరుగుతుంది. 32 గాడులు కావాలంటే గాడికీ గాడికీ మధ్య ఒకటింబావు చుట్టు తిప్పాలి. కదురుతో చిక్కు వేరు. సన్నటి కడ్డీ పనిముట్టు ఒత్తిడికి వంగుతుంది కాబట్టి ఆసరా పెట్టి కొద్దికొద్దిగా కోయాలి. కదురు వంకరపోతే నూలు తెగుతుంది.

నమూనా, అసలు సరుకు ఒకే లోహంతో ఉంటాయి కాబట్టి అరుగుదలను, బలాన్ని నిజంగా పరీక్షించవచ్చు. అర మిల్లీమీటరు ఎక్కువైతే మళ్లీ బిగించి తీసేయవచ్చు. ఎక్కువ కోసేస్తే మాత్రం అతకడం కుదరదు. అందుకే టర్నరు మొదట కాస్త లావుగానే ఉంచుతాడు. వేల సంఖ్యలో కావలసినప్పుడు పోతపోయడం చౌక. పదీ ఇరవైకి లేతే చౌక.

రోలరు సాగదీత ఎప్పుడూ ఒకే లెక్కలో ఉంటుంది. ఏకులో ఎక్కడైనా పలుచన ఉంటే అది నూలులోకీ దిగుతుంది. చెయ్యి ఆ పలుచనను పసిగట్టి పట్టు సడలిస్తుంది. పొందూరు సన్ననూలుకు ఒంటి కదురే నిలిచి ఉండటానికి ఇదొక కారణం.