పాత దూలం, కొత్త బల్ల

భోగాపురం చుట్టుపక్కల కొన్నేళ్ళుగా కట్టడం, కూల్చడం పక్కపక్కనే సాగుతున్నాయి. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. ఆ నేల కోసం మరడపాలెం, బొల్లింకలపాలెం, ముడసర్లపేట, రెల్లిపేట వాసులు పాత ఇళ్ళు వదిలి గూడెపువలస, లింగాలవలస పునరావాస కాలనీలకు వెళ్ళారు. విమానాశ్రయంతో సంబంధం లేని ఊళ్ళలోనూ పెంకుటిళ్ళు పోయి స్లాబులు లేస్తున్నాయి. ఇల్లు విప్పినప్పుడు తలుపులకూ ద్వారబంధాలకూ బేరం వస్తుంది. దూలాలు, వాసాలు, అటక చెక్కలు మాత్రం తరచూ పొయ్యిలోకి పోతాయి. పిల్లలు చదువుకోవడానికో, నలుగురు కూర్చుని భోంచేయడానికో కావలసిన బల్లకు సరిపడా కలప ఆ కుప్పలోనే ఉంటుంది.

అది చవక కలప మాత్రమే కాదు, బాగా ఆరిన కలప. కొత్తగా కోసిన పలకను నీడలో పేర్చి ఆరబెడితే, అంగుళం మందానికి ఏడాది పడుతుందన్నది పాత లెక్క. అంత ఓపిక లేక పచ్చికర్రతోనే బల్ల చేస్తే, కర్ర ఆరేకొద్దీ కుంచించుకుపోయి అతుకులు వదులవుతాయి, పలకలు వంకర తిరుగుతాయి. దశాబ్దాలు కప్పు కింద ఉన్న దూలానికి ఆ బాధ ఎప్పుడో తీరిపోయింది. చూసుకోవలసింది చెద, పుచ్చు. స్క్రూడ్రైవర్ మొనతో అక్కడక్కడా గట్టిగా పొడిచి చూడాలి. మొన దిగబడిపోయినా, సన్నని బెజ్జాల్లోంచి పిండిలా పొట్టు రాలినా ఆ ముక్కను పక్కన పెట్టేయాలి. పాత మేకులన్నీ ఏరేశాకే రంపం పెట్టాలి. లోపల మిగిలిన ఒక్క మేకు చాలు, పళ్ళు విరగడానికి.

ఉత్తరాంధ్ర పాత ఇళ్ళలో ఎక్కువగా దొరికేది తాటి కర్ర. టేకులా తాటికి చేవ మధ్యలో ఉండదు. నల్లటి గట్టి నారలన్నీ మాను అంచున చేరి, నడిమి భాగం మెత్తగా బెండులా ఉంటుంది. కాబట్టి అంచు వైపు చెక్కే వాడాలి. చిత్రిక పడితే ఆ నల్లటి నారలు గోధుమరంగు మీద చారలుగా తేలి చాలా అందంగా కనిపిస్తాయి. చేతికి గుచ్చుకునేవీ అవే కనుక పని చేసేటప్పుడు మందపాటి తొడుగులు తప్పనిసరి. బల్ల కాళ్ళకు తాటిని మించిన చవక కర్ర ఈ తీరంలో దొరకడం కష్టం. సరుగుడు కూడా కాళ్ళకు పనికొస్తుంది గానీ, బరమాతో ముందే బెజ్జం వేయకుండా మేకు కొడితే నిలువునా చీలుతుంది.

కొబ్బరి మాను కూడా తాటి లాంటిదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాన్లు ఈ తీరంలో తోటలకు తోటలనే పడగొట్టాయి. ఉద్దానంలో కూలిన కొబ్బరి, జీడిమామిడి చెట్లు రైతుకు తీరని నష్టం. ఫిలిప్పీన్స్‌లో 2013 నవంబరు నాటి హయాన్ తుపానుకు కోట్లాది కొబ్బరిచెట్లు దెబ్బతిన్నప్పుడు, పడిన మానులను అక్కడికక్కడే కోసి ఇళ్ళు కట్టుకోవడానికి వాడారు. మనకూ అలాంటి ఏర్పాటు ముందే ఉండి తీరాలి. పడిన మానును నేలమీద వదిలేస్తే తడికి త్వరగా పుచ్చిపోతుంది.

పై పలకలకు పాత అటక చెక్కలు లేకపోతే, విశాఖ రేవుకు సరుకుతో వచ్చే చెక్క ప్యాలెట్లు తీసుకోవచ్చు. దేశాలు దాటే ప్యాలెట్ మీద గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది. అందులో ‘హెచ్‌టీ’ అని ఉంటే కర్రను లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచారని అర్థం. అది వాడుకోవచ్చు. ‘ఎంబీ’ అంటే పురుగు చావడానికి మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని. దాన్ని ఇంట్లోకి తేవద్దు. రసాయనాలు ఒలికిన మరకలున్నదీ వద్దు.

ఇలా సొంతంగా బల్ల చేసుకోవడాన్ని ఇటలీ రూపశిల్పి ఎంజో మారి 1974లో ఒక ఉద్యమంలా నడిపాడు. మామూలు పలకలు, మేకులు, సుత్తితో చేసుకోగల 19 సామాన్ల నమూనాలు గీసి, తపాలా ఖర్చు పంపినవాళ్ళకల్లా ఇచ్చాడు. వాటిలో బల్లలే ఎక్కువ. ఒక్క బల్ల తన చేత్తో చేసినవాడికి ఏది నిలుస్తుందో, ఏది ఊగుతుందో తెలిసి, అంగట్లో సరుకును తూచగలడన్నది ఆయన నమ్మకం. నలభై ఏళ్ళ తర్వాత బెర్లిన్‌లో ఆఫ్రికా నుంచి వచ్చిన యువ శరణార్థులు ఆయన అనుమతితో అవే నమూనాలు చేసి అమ్ముకున్నారు.

బల్ల ఊగకుండా ఉండడానికి కాళ్ళు లావుగా ఉంటే చాలదు, పలక కింద నాలుగు కాళ్ళను పట్టి ఉంచే చట్రం కావాలి. కుర్చీ వేసుకుని కూర్చునే బల్ల ఎత్తు 30 అంగుళాలు, మనిషికి 24 అంగుళాల వెడల్పు చాలు. చట్రం నాలుగు మూలలూ కలిపాక టేపుతో ఒక మూల నుంచి ఎదుటి మూలకు కొలవాలి, తర్వాత రెండో వైపు. రెండు కొలతలూ సమానమైతేనే మూలలు సరిగ్గా కుదిరినట్టు. అర అంగుళం తేడా ఉన్నా స్క్రూలు వదులు చేసి, ఎక్కువ కొలత వచ్చిన మూలలను లోపలికి నెట్టి మళ్ళీ కొలవాలి. ఈ ఐదు నిమిషాలకు బద్ధకించి చేసిన బల్లలే ఆ తర్వాత కాలి కింద కాగితం మడతలు పెట్టించుకుంటాయి.

కుసి, బెజ్జం పెట్టి కలపడం వడ్రంగికే చేతనైన విద్య. కొత్తవాళ్ళు స్క్రూలతో సరిపెట్టుకుని, దూలం కోయడానికి సామిల్లుకూ, చిత్రిక పట్టడానికి ఊరి వడ్రంగి దగ్గరకూ వెళ్ళడం మంచిది. ఆ కూలి దండగ కాదు. ఏ ముక్క కాలికి, ఏది పలకకు పనికొస్తుందో చూపించగలిగేది ఆయనే. వానాకాలంలో చెక్క అడ్డంగా ఉబ్బుతుంది కనుక పలకల మధ్య రూపాయి బిళ్ళ దూరేంత సందు వదలాలి.

ముక్కాం, చేపలకంచేరు లాంటి సముద్రపు ఊళ్ళలో ఉప్పుగాలికి మామూలు ఇనుప స్క్రూలు తొందరగా తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలువి కొంచెం ఖరీదైనా అవే వాడాలి. కాళ్ళ అడుగులకు చెద పట్టకుండా జీడిగింజల పెంకు నుంచి తీసే నూనె రాయవచ్చు. పడవలకూ కలపకూ దాన్ని పూయడం మన తీరంలో పాత అలవాటే. అది తగిలితే చర్మం పొక్కుతుంది కనుక తొడుగులు వేసుకునే రాయాలి, కాళ్ళ అడుగులకే రాయాలి. అన్నం పెట్టుకునే పై పలకను గరుకు కాగితంతో నునుపు చేసి, అవిసె నూనె పలచగా రెండు మూడు పూతలు పట్టించి, పూతకూ పూతకూ మధ్య బాగా ఆరనిస్తే సరిపోతుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని నీళ్ళలో తడిపి, ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వాలి.