ఇంట పరిమళపు సబ్బు

సబ్బు చేయుటకు కర్మాగారమే అక్కరలేదు. కాని ఇందు వాడు కాస్టిక్ సోడా చర్మమును కాల్చును. కంట పడినచో చూపే పోవచ్చును. మహిళా సంఘములకు ఈ పని నేర్పింపదలచిన పంచాయతీ సభ్యులు మొదట ఈ సంగతినే చెప్పవలెను.

కిలో కొబ్బరినూనెకు 170 గ్రాముల సోడా, 350 గ్రాముల నీరు చాలును. అన్నియు తూచియే తీసుకొనవలెను. గ్లాసు కొలత పనికిరాదు. సోడా పాలు మించిన సబ్బు ఒంటిని మండించును. చేతులకు రబ్బరు తొడుగులు, కండ్లకు అద్దములు ధరించి, ఆరుబయట, పిల్లలకు దూరముగా, నీటిలో సోడాను కొంచెము కొంచెముగా వేయవలెను. సోడాపై నీరు పోయరాదు. పోసినచో ఒక్కసారిగా మరిగి మీదికి చిమ్మును. అల్యూమినియము పాత్రను ఈ ద్రావణము తినివేయును, స్టీలు పాత్రయే మేలు. ద్రావణము గోరువెచ్చనైన పిదప నూనెలో సన్నని ధారగా పోయుచు, దోసెపిండివలె చిక్కబడువరకు కలుపవలెను. 20 గ్రాముల నిమ్మగడ్డి నూనె అప్పుడు చేర్చి అచ్చులో పోయవలెను. కొబ్బరినూనె సబ్బు త్వరగా పెళుసగును. గట్టిపడగానే కోయుట మంచిది. నాలుగు వారములు ఆరిన పిదపనే వాడవలెను.

ద్రావణము మీద పడినచో వెంటనే ధారాళముగా నీటితో కడుగవలెను. కంట పడినచో ఇరువది నిమిషములు కడిగి వైద్యునికడకు కొనిపోవలెను. సబ్బును అమ్మదలచినవారికి 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనముల చట్టము క్రింద లైసెన్సు అవసరము.