కొండకు పోయే పిల్లలకు ఏ కత్తి?

మొన్న మా నడిగూడెం పిల్లలు నలుగురు ఉండ్రుగొండ ఎక్కుదామని బయల్దేరుతూ, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న కత్తి పట్టుకొచ్చి నా చేతిలో పెట్టారు. 'ఎట్లుంది బాబాయ్?' అనడిగారు. మూరకు కొంచెం తక్కువ పొడవు, నల్ల రంగు, వీపున రంపపు పళ్లు. పిడి లోపలంతా డొల్ల, దాని మూతకు దిక్సూచి. ఆ ఒక్క కత్తిలోనే జనం నమ్మే అపోహలన్నీ ఉన్నాయి. వాళ్లకు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అడవిలోకి పెద్ద కత్తే కావాలి.

గుడారం వేసుకుని ఒక రాత్రి గడిపే మనిషికి కత్తితో పడే పనులేంటో లెక్కేయండి. ఉల్లిగడ్డ కోయాలి, తాడు తెంపాలి, పొయ్యి రాజేయడానికి ఎండుపుల్ల చెక్కాలి, గుడారం మేకు మొన తీయాలి. వీటన్నిటికీ నాలుగంగుళాల అలుగు చాలు. అంటే మీ అరచేయి వెడల్పు కంటే కాస్త ఎక్కువ. మందం మూడు నాలుగు మిల్లీమీటర్లుంటే సరి. పది అంగుళాల కత్తితో ఉల్లిగడ్డ కోసి చూడండి, మణికట్టే చెప్తుంది. లావు కొమ్మ కొట్టాల్సి వస్తే దానికి గొడ్డలి ఉంది. ఎలుగుబంటి ఎదురైతే ఏ కత్తీ అక్కరకు రాదు. దూరం నుంచే తప్పుకోవాలి.

అపోహ: డొల్ల పిడి, రంపపు వీపు ఉంటేనే అడవి కత్తి.

ఈ మోజు 1982లో వచ్చిన 'ఫస్ట్ బ్లడ్' సినిమాతో ప్రపంచమంతా పాకింది. డొల్ల పిడి కత్తుల్లో చాలావాటికి అలుగు పిడిలోకి ఒకటి రెండంగుళాలే దిగుతుంది. కట్టె చీల్చేటప్పుడు బలమంతా ఆ అతుకు మీదే పడి, అక్కడే ఊడుతుంది. అలుగు తోక పిడి చివరిదాకా పోయి, రెండువైపులా చెక్కలు బిగించి రివిట్లు కొట్టిన కత్తి నిశ్చింతగా పనిచేస్తుంది. అలాగని తోక చివరిదాకా లేనిదల్లా పనికిరానిదనుకోవద్దు. స్వీడన్‌లోని మోరా ఊరి కత్తుల్లో చాలావాటికి తోక సగం దాకానే ఉంటుంది, అయినా అక్కడి వడ్రంగులు, అడవి పనివాళ్లు తరతరాలుగా వాటితోనే పని చేసుకుంటున్నారు. అతుకు ఎంత గట్టిగా కుదిరిందన్నదే చూడాలి. ఇక వీపున ఉన్న ఆ పళ్లు కొమ్మను కోయవు, పైగా పుల్లలు చీల్చడానికి వీపు మీద కట్టెతో కొట్టబోతే అడ్డం పడతాయి.

అపోహ: స్టెయిన్‌లెస్ అయితే తుప్పు పట్టదు, కాబట్టి అదే మేలు.

స్టెయిన్‌లెస్‌లో క్రోమియం కలుస్తుంది కాబట్టి తుప్పు తక్కువ. పూర్తిగా పట్టదని కాదు. కార్బన్ ఉక్కు చింతపండు పులుపు తగిలినా నల్లబడుతుంది, తడి ఒరలో పెడితే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. కానీ మామూలు సానరాయి మీద తొందరగా పదునెక్కుతుంది. తుడిచి, రెండు చుక్కల కొబ్బరినూనె రాసే ఓపిక ఉంటే కార్బన్ తీసుకోండి, లేకపోతే స్టెయిన్‌లెస్. ఏ రకమైనా ఉక్కు పేరు కన్నా దాన్ని కాల్చి చల్లార్చిన తీరే ముఖ్యం.

ఇది కొలిమి దగ్గర నిలబడితే కళ్లతోనే తెలుస్తుంది. కమ్మరి పాత లారీ కమాన్ పట్టీ ముక్కను చెర్రీపండు రంగు వచ్చేదాకా కాల్చి, అంచును ముంచేస్తాడు. ఒక్కసారి 'చుయ్' మంటుంది. అప్పుడు ఆ అంచు గాజులాగా గట్టిది, గాజులాగే పెళుసుది. అందుకే రాతి మీద రుద్ది మెరిపించి, మళ్లీ సెగ చూపిస్తాడు. మెరిసే చోట లేత ఎండుగడ్డి రంగు పాకుతుంది. సుమారు 200 డిగ్రీల దగ్గర వచ్చే రంగు అది. అక్కడ ఆపితే పదును నిలిచే కత్తి. సెగ ఎక్కువై 300 డిగ్రీల దగ్గర నీలం తిరిగితే స్ప్రింగుకు పనికొస్తుంది గానీ కత్తికి మెత్తన. అందుకే చెప్తున్నా, కత్తితో నిప్పులు కెలకొద్దు, మొనకు గుచ్చి మాంసం కాల్చొద్దు. కరెంటు సానచక్రం మీద నిప్పురవ్వలు రాలేలా పట్టినా అదే నష్టం.

అలల గీతలు చూసి 'డమాస్కస్' అని వేలకు వేలు పోసేవాళ్లకు ఒక మాట. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవి ఎక్కువగా రెండు రకాల ఉక్కు పొరలు కలిపి కొట్టి, ఆమ్లంలో ముంచినవి. కొన్నిటికి గీతలు పైపైన గీసినవే. పాత డమాస్కస్ కత్తుల ఉక్కు వేరు. దాన్ని మూసల్లో కరిగించిన ఊళ్లలో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకటి. పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు, వోయిసీ అనే ఇంగ్లీషు పరిశోధకుడు 1820ల నాటికే చూసి రాశాడు. మన 'ఉక్కు' మాటే ఇంగ్లీషువాళ్ల నోట 'వూట్జ్' అయిందని పండితులంటారు.

అపోహ: పదును తక్కువుంటే చెయ్యి తెగదు.

నా ఎడమ చూపుడువేలు మీద మచ్చ మొద్దు కత్తి చేసిందే. చెరకు గడ కోస్తుంటే దిగలేదు, బలంగా నొక్కాను, జారి వేలికొచ్చింది. పదునైన కత్తికి బలం అక్కర్లేదు కాబట్టి అది మన చెప్పుచేతల్లో ఉంటుంది. మా గీత కార్మికులు చెట్టెక్కే ముందు కత్తి నూరుకోకుండా మోకు పట్టరు.

అపోహ: పాము కరిస్తే గాటు పెట్టి రక్తం తీయడానికి కత్తి ఉండాలి.

ఈ ఒక్కటీ ప్రాణం తీసే అపోహ. గాటు పెడితే విషం బయటికి రాదు. రక్తపింజర విషానికి అసలే రక్తం గడ్డకట్టదు, ఇక ఆ గాటు ఆగకుండా కారుతుంది. నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. ఉంగరాలు, కడియాలు తీసేసి, కాలో చెయ్యో కదలకుండా కర్ర ఆసరా పెట్టి, మనిషిని నడిపించకుండా 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి చేర్చండి. విరుగుడు మందు అక్కడే ఉంటుంది.

అపోహ: కత్తి ఎక్కడికైనా తీసుకుపోవచ్చు.

మన వాళ్లకు అమ్రాబాద్ పులుల అభయారణ్యం చూడాలన్న ఆశ ఎక్కువ. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఆయుధాల నిర్వచనంలో కత్తి పేరు నేరుగా ఉంది. రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధం తీసుకెళ్లడం నేరం. కాబట్టి అక్కడికి పోయేటప్పుడు కత్తి ఇంట్లోనే ఉంచండి, లేదా ముందే అటవీ అధికారులను అడగండి. ఇంటికీ పొలానికీ వాడేవి కాకుండా, అలుగు తొమ్మిదంగుళాలు దాటినా, రెండంగుళాల వెడల్పు దాటినా ఆయుధ నియమాలు వర్తించొచ్చు. పిల్లలు తెచ్చిన కత్తిని స్కేలుతో కొలిస్తే అలుగు పదంగుళాలుంది.

దాన్ని వాపసు పంపించి, కమ్మరి దగ్గర నాలుగంగుళాల కత్తి చేయించారు. తుమ్మచెక్క పిడి, మూడు రాగి రివిట్లు, తోలు ఒర. ఉండ్రుగొండ నుంచి వచ్చిన సాయంత్రం పెద్దవాడు అరుగు మీద కూర్చుని సానరాయి తడుపుకుంటూ, 'టమాటా నలగకుండా తెగింది బాబాయ్' అన్నాడు.