మధుమేహ నియంత్రణకు సెల్‌ఫోన్ తోడ్పాటు - పాతబస్తీకి ఉపకరించే అనుభవాలు

హైదరాబాద్: మధుమేహ వ్యాధిగ్రస్తులు వైద్యుని ఎదుట గడిపేది నెలకు కొద్ది నిమిషాలు మాత్రమే. వేళకు మాత్ర, మితాహారం, నడక, పాదాల సంరక్షణ - మిగిలిన రోజులన్నీ ఇవి వారు స్వయంగా చూసుకోవలసినవే. ఈ స్వీయ సంరక్షణకు సెల్‌ఫోన్ ద్వారా అండగా నిలవడమే మొబైల్ ఆరోగ్య సేవల ఉద్దేశం. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్లు భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా వేసిన విషయం విదితమే.

ఆగ్నేయ భారతంలో వ్యాధి ముందుదశలో ఉన్న 537 మంది పురుషులపై జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. రెండేళ్లపాటు సంక్షిప్త సందేశాలు అందుకున్నవారిలో 18 శాతం మంది, అందుకోనివారిలో 27 శాతం మంది మధుమేహం బారినపడ్డారు. అమెరికాలోని శాన్‌డియాగో ప్రాంతంలో 126 మంది హిస్పానిక్ పేదలపై జరిగిన ప్రయోగం (2017) మరింత గమనార్హం. సందేశాలు అందినవారి హెచ్‌బిఎ1సి సగటు ఆరు నెలల్లో 9.5 నుంచి 8.5కు తగ్గగా, సాధారణ చికిత్సకే పరిమితమైనవారిలో 9.6 నుంచి 9.4కు మాత్రమే తగ్గింది. అక్కడ సందేశాలు రోగి కోరిన భాషలో వెళ్లాయి. రోగి పంపిన చక్కెర కొలత ఆందోళన కలిగించేలా ఉంటే సిబ్బంది స్వయంగా ఫోన్ చేశారు. యంత్రం వెనుక మనిషి ఉండటమే ఇందులో అసలు విషయమని చెప్పవచ్చు.

యాకుత్‌పురా, ఫలక్‌నుమా స్టేషన్ల నడుమనున్న ఉప్పుగూడ వంటి ప్రాంతాల్లో తెలుగు, ఉర్దూ కుటుంబాలు పక్కపక్కనే నివసిస్తున్నాయి. ఒకే భాషలో పంపే సందేశం సగం ఇళ్ల గడప దాటదు. ఇంటికంతటికీ ఒకే ఫోన్ ఉండి, అది పగలంతా పనికి వెళ్లిన కుమారుని జేబులో ఉంటే తల్లికి మాత్ర గుర్తుచేసేదెవరు? చదువు రానివారికి అక్షరాలకన్నా మాటల సందేశమే మేలు. కావున పేరు నమోదు చేసే సమయంలోనే భాష, ఫోన్ ఎవరి వద్ద ఉంటుంది, ఏ వేళ అందుబాటులో ఉంటుంది అన్న వివరాలు సేకరించడం అవసరం.

కేంద్ర ప్రభుత్వం ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో 2016లో ఎండయాబెటిస్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. మిస్డ్ కాల్‌తోనే పేరు నమోదు చేసుకునే వీలు కల్పించింది. అంతకుముందే, 2014లో, సెనెగల్ దేశం రంజాన్ మాసాన్ని దృష్టిలో ఉంచుకొని ఇటువంటి సందేశాలను పంపడం పాతబస్తీకి మరింత దగ్గరి ఉదాహరణ.

రోజా ఉండదలచిన రోగులు మాసానికి ముందే వైద్యుని సంప్రదించి మందుల మోతాదు, వేళలు మార్చుకోవలసి ఉంటుంది. ముఖ్యంగా ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారిలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వేలి నుంచి రక్తం తీసి పరీక్షించుకుంటే రోజా భంగం కాదని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య మార్గదర్శకాలు తెలుపుతున్నాయి. కొలత 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలి. ఏకాదశి, శివరాత్రి ఉపవాసాలు పాటించేవారికీ ముందుగా వైద్య సలహా తప్పనిసరి.

అయితే సందేశం మందుకు ప్రత్యామ్నాయం కాదు. మాత్ర వేసుకోమని ఫోన్ గుర్తుచేసిన నాడు ఇంట్లో మాత్రలు నిండుకొని ఉంటే ప్రయోజనం శూన్యం. నగరంలో 2018లో ప్రారంభమైన బస్తీ దవాఖానాల వంటి చేరువలోని కేంద్రాలలో మందుల లభ్యతతో సందేశాలను ముడిపెట్టడం మేలు.

చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే స్పృహలో ఉన్న రోగికి వెంటనే పంచదార నీరు ఇవ్వాలని, స్పృహ తప్పితే నోట ఏమీ పోయక 108కు ఫోన్ చేయాలని పత్రికలు తెలుగు, ఉర్దూ భాషలలో ప్రచురించవలసిందిగా కోరడమైనది.