వేపాకు, వెండి, నాన్న కొన్న సీసా

మొన్న నాన్న ఒక సీసా తెచ్చారు. "వేపాకుతో చేసిన నానో వెండి నీళ్లురా, రోజూ రెండు చెంచాలు తాగితే ఏ జబ్బూ రాదట" అన్నారు. ఇందులో సైన్స్ ఎంతో, అబద్ధం ఎంతో చూద్దాం.

వేపాకుతో వెండి నానో కణాలు చేయొచ్చు, అది నిజమే. 2004లో పుణె నేషనల్ కెమికల్ లాబొరేటరీ వాళ్లు చేసి చూపించారు. ఆకులు మరిగించి వడకట్టిన కషాయాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో కలుపుతారు. మెల్లగా రంగు మారి గోధుమ రంగు వస్తుంది. ఆకులోని పదార్థాలు వెండి అయాన్లకు ఎలక్ట్రాన్లు ఇస్తాయి. అవి వెండి కణాలుగా మారతాయి. సైజు 100 నానోమీటర్ల లోపే. ఘాటైన రసాయనాలు అక్కర్లేదు కాబట్టి దీన్ని గ్రీన్ సింథసిస్ అంటారు.

ఈ కణాల నుంచి వచ్చే వెండి అయాన్లు బ్యాక్టీరియా పైపొరను దెబ్బతీస్తాయి. ల్యాబ్ ప్లేటులో బ్యాక్టీరియా పెరగని వలయం స్పష్టంగా కనిపిస్తుంది.

కానీ నా ల్యాప్‌టాప్‌లో రన్ అయిన కోడ్ ప్రొడక్షన్‌లో కూడా రన్ అవ్వాలని లేదు కదా! ప్లేటు వేరు, ఒళ్లు వేరు. డోసు పెరిగితే మన కణాలకీ దెబ్బే. వెండి నీళ్లు చాలాకాలం తాగితే చర్మం నీలి బూడిద రంగులోకి మారొచ్చు. దాన్ని ఆర్జీరియా అంటారు. ఆ రంగు మామూలుగా మళ్లీ పోదు. ఇలాంటి మందులు సురక్షితమని, పనిచేస్తాయని రుజువు లేదని అమెరికా ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చింది.

"మరి కాలిన గాయాలకి వెండి ఆయింట్‌మెంట్ ఇస్తారుగా?" అన్నారు నాన్న. అది డాక్టర్ చెప్తే పైన రాసేది నాన్నా, తాగేది కాదు.

సీసా మూత ఇంకా తీయలేదు. మీ ఇంట్లోనూ ఉంటే, ముందు ఈ వీడియో చూపించండి.