పందికి పెట్టే పప్పు

పంది తినని పదార్థం లోకంలో లేదని మనలో చాలామంది నమ్మకం. ఆ నమ్మకం పాక్షికంగా నిజమే కాని, దాని వల్ల ఆ జంతువుకు జరుగుతున్న అపకారం తక్కువేమీ కాదు. మనుషులు తినడానికి పనికిరాదని ఏరిపారేసిన వేరుశనగ పప్పు, గోదాములో తడిసిన చెక్క, బూజు పట్టిన మొక్కజొన్న చౌకగా చేతులు మారి చివరకు పందుల తొట్టికే చేరుతుంటాయి. అడిగితే వచ్చే సమాధానం ఒక్కటే: “పందికే గదా!”

2019 పశుగణన ప్రకారం మన దేశంలో పందులు 90 లక్షల పైచిలుకు. అందులో దాదాపు 21 లక్షలు ఒక్క అస్సాంలోనే ఉన్నాయి. ఇంటి వెనుక రెండు మూడు పందులను పెంచుకొనే పేద కుటుంబానికి ఆ జంతువే బ్యాంకు. పిల్లల చదువైనా, ఇంట్లో జబ్బైనా దాన్ని అమ్మితేనే గడుస్తుంది. అటువంటి ఇంట మేత విషయంలో పొరపాటు జరిగితే నష్టం ఆ తొట్టితో ఆగదు.

నిజానికి పెంకు కాయలతో, పప్పులతో పందులను మేపడం అతి ప్రాచీనమైన ఆచారం. ఇంగ్లండులో 1086 నాటి భూముల లెక్కల గ్రంథం ‘డూమ్స్‌డే బుక్’లో అనేక చోట్ల అడవిని ఎకరాలతో కాక, అది ఎన్ని పందులను మేపగలదన్న లెక్కతో నమోదు చేశారు. ఆ దేశపు దక్షిణాన గల న్యూ ఫారెస్టులో నేటికీ శరత్కాలంలో ఓక్ చెట్ల కాయలు రాలగానే పందులను అడవిలోకి వదులుతారు. ఇందులో ఒక విశేషం ఉన్నది. ఆ కాయలలోని వగరు పదార్థాలైన టానిన్లు ఆవులకు, గుర్రాలకు విషప్రాయం; వాటి మూత్రపిండాలు దెబ్బతింటాయి. పందులు ఆ కాయలను ముందుగానే తినివేసి తక్కిన పశువులను కాపాడుతాయి.

స్పెయిన్‌లో ఈ మేత ఒక శాస్త్రంగానే పెరిగింది. నైరుతి ప్రాంతపు ఓక్ తోటలలో తిరిగే ఐబీరియన్ జాతి పంది కాయను నోటిలో కొరికి, పెంకును ఉమ్మివేసి, పప్పును మాత్రమే మింగుతుంది. వగరులో అధికభాగం ఆ పెంకుతోనే పోతుంది. ఈ పప్పులో పిండిపదార్థం, నూనె పుష్కలంగా ఉన్నా మాంసకృత్తులు బహు స్వల్పం. ఆ లోటును పంది పచ్చగడ్డి మేసి కొంతవరకు పూడ్చుకొంటుంది. అందుచేతనే లేత పిల్లలను ఈ మేతకు తోలరు. 2014 నాటి స్పెయిన్ నిబంధనల ప్రకారం, తోటలోకి ప్రవేశించే మంద సగటు బరువు 92 నుంచి 115 కిలోల మధ్య ఉండాలి. 60 రోజులకు పైగా అక్కడే మేసి కనీసం 46 కిలోలు పెరగాలి. కాయలు ఎన్ని రాలితే అన్ని పందులనే తోలాలన్న కట్టుబాటు కూడా ఉంది.

మనకు ఓక్ తోటలు లేవు, వేరుశనగ ఉంది. అయితే రెండింటికీ భేదం తెలుసుకోవాలి. ఆవు, గేదె వంటి నెమరువేసే పశువుల పొట్టలో సూక్ష్మజీవులు మేతలోని నూనె స్వభావాన్నే మార్చివేస్తాయి. పందికి ఆ ఏర్పాటు లేదు. తిన్న నూనె దాదాపు అదే స్వభావంతో దాని కొవ్వులోకి చేరుతుంది. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో అమెరికా దక్షిణ రాష్ట్రాల రైతులు వేరుశనగ పొలాల్లోకి పందులను తోలి బాగా బలిపించారు. పందులు బలిశాయి గాని, కోసిన మాంసంలో కొవ్వు గట్టిపడక నూనె కారింది. వర్తకులు ధర కోశారు. వేరుశనగ గింజలో సుమారు సగం నూనెయే మరి! తర్వాత మొక్కజొన్న మేతకు మార్చినా ఆ మెత్తదనం త్వరగా విడవదని పరిశోధకులు గమనించారు. కనుక గింజ పందికి చిరుతిండిగా ఉండాలే గాని ప్రధాన మేత కారాదు. అమ్మకానికి సిద్ధం చేసే నెలల్లో అసలు మానివేయడం ఉత్తమం. నూనె తీయని తవుడుకూ ఇదే దోషం ఉన్నది.

నూనె తీసిన చెక్కకు ఈ చిక్కు తక్కువ. దానిలో మాంసకృత్తులు నూటికి 40 పాళ్ళకు పైనే. కాని ఎదుగుదలకు అవసరమైన లైసీన్ కొరత. మొక్కజొన్నలోనూ అదే కొరత కావటంతో ఆ రెండింటినే నమ్ముకొంటే పిల్లలు ఎదగవు. సోయా చెక్కో, చేపల పొడో తోడు కావాలి.

ఇంతవరకు చెప్పినవి లాభనష్టాల సంగతులు. ప్రాణాంతకమైనది వేరు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు అంతుచిక్కని జబ్బుతో చచ్చిపోయాయి. ఆరా తీయగా బ్రెజిల్ నుంచి దిగుమతి అయిన వేరుశనగ పిండి దోషమని తేలింది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు ఆ పిండిలో విషాన్ని పుట్టించింది. దానికే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. 1974లో రాజస్థాన్‌లోని బాంస్‌వాఢా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా మరణించిన దుర్ఘటనను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశోధించి, దీనికీ ఈ విషమే కారణమని నిర్ధారించారు.

పందిలో ఈ విషం కాలేయాన్ని పట్టుకొంటుంది. మొదట మేత తగ్గుతుంది, పెరుగుదల నిలుస్తుంది. విషం ఎక్కువైతే కామెర్లు, రక్తస్రావం, చావు. తల్లి తిన్నది పాల ద్వారా పిల్లలకు చేరుతుంది. అమెరికా ప్రభుత్వం వేరుశనగ మేతలో అనుమతించే హద్దు చూడండి: 100 కోట్ల పాళ్ళలో పిల్లలకు 20 పాళ్ళు, ఈనే పందులకు 100, బలిపించే పెద్ద పందులకు 200. పెద్ద పంది తట్టుకొన్న బస్తాయే పిల్లలను చంపవచ్చు.

ఉడకబెడితే విషం పోతుందనుకోవడం భ్రమ. బూజు చావవచ్చు గాని, అది వదిలిన విషం వంటపొయ్యి వేడికి నశించదు. గానుగ ఆడినప్పుడు విషంలో ఎక్కువ పాలు నూనెలోకి పోక చెక్కలోనే మిగులుతుంది. గింజగా ఉన్నప్పుడు ముడుతలు పడినవి, రంగు మారినవి, విరిగినవి ఏరివేయవచ్చు. చెక్క అయిన తరువాత కంటికి కనిపించే ఆధారమే ఉండదు. కోతకు ముందు బెట్ట తగిలిన పంటలోనూ, కాయ సరిగా ఎండక ముందే బస్తాలకెత్తిన సరుకులోనూ ప్రమాదం హెచ్చు. ఈ సంగతి అనంతపురం రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

మరి రెండు జాగ్రత్తలు. జీడిమామిడి పప్పు ముక్కలు పెట్టవచ్చు గాని, పెంకు ముక్క ఒక్కటీ కలవరాదు. అందులోని జీడి నోటిని, పేగులను పొక్కిస్తుంది. దుకాణాలలో మిగిలిన ఉప్పు పప్పులు పెట్టి తాగునీరు మరచిపోతే పందికి మెదడు జబ్బు వచ్చి ఫిట్లతో పడిపోతుంది.

వానాకాలంలో చెక్కను పదిహేను రోజులకు సరిపడా మాత్రమే కొని, నేలకు తగలకుండా బల్లపై, గోడకు జానెడు ఎడంగా నిలువ చేయాలి. కొనేముందు ముక్క విరిచి వాసన చూడటం మంచి అలవాటే. ముక్క వాసన వచ్చిందో, ఆ బస్తా ఎంత చౌకైనా వద్దు. వాసన లేనంత మాత్రాన విషం లేదని కాదు. ఒకే మేత తిన్న పందులు రెండు మూడు ఒక్కసారిగా మేత మానితే ఆ చెక్కను వెంటనే ఆపి, పిడికెడు నమూనాను పొడి సంచిలో కట్టి పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.